నాన్న వేలి మీద రబ్బరు పట్టీ

నాన్నకు పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. కుడి చెయ్యి. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి "రోజూ యాభైసార్లు వేళ్లు ముడిచి తెరవండి" అని చెప్పి వెళ్తాడు. మళ్లీ వచ్చి "చేశారా సార్?" అంటే నాన్న "ఆఁ, చేశాను" అంటారు. ఎన్నిసార్లు చేశారో, వేలు ఎంత ముడుచుకుందో ఎవరికీ తెలియదు. ల్యాబ్‌లో నేను చేసే పనే సాగే సెన్సర్ల మీద. అందుకే నాన్న వేలి కదలికను కొలిచే రబ్బరు పట్టీని ఇంట్లో కూడా చేయడం మొదలుపెట్టాను.

ఎంత సాగిందో కొలవడానికి వంతెనలకు, దూలాలకు అంటించే స్ట్రెయిన్ గేజ్ 1938 నాటిది. తీగ సాగితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, మారుతుంది, అదే కొలత. కానీ లోహం నూటికి రెండు మూడు పాళ్లు సాగేసరికే దాని పని అయిపోతుంది. వేలు ముడిస్తే కణుపు మీది చర్మం ముప్పై పాళ్లకు పైగానే సాగుతుంది. 1953లో విట్నీ అనే ఆయన సన్నటి రబ్బరు గొట్టంలో పాదరసం నింపి, దాన్ని చేతికీ కాలికీ చుట్టి, రక్తం చేరినప్పుడు అవి ఎంత ఉబ్బుతాయో కొలిచాడు. ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం. కానీ నాన్న చేతి మీద పాదరసం పెట్టలేను కదా.

నేను వాడేది ఎకోఫ్లెక్స్ 00-30 అనే మెత్తటి సిలికోన్ రబ్బరు, అందులో కార్బన్ బ్లాక్. కాటుక కన్నా మెత్తటి పొడి అది, ఫ్యాన్ ఆపకుండా డబ్బా తెరిస్తే గదంతా నలుపే. సిలికోన్ ఏ, బీ అని రెండు ద్రవాలుగా వస్తుంది; వాటిని సమంగా తూచి, పొడి కలిపి, గాలి బుడగలు తీసి, అచ్చులో పలచగా పోస్తే నాలుగు గంటల్లో గట్టిపడాలి. మొదటిసారి మూడు రోజులైనా అంచులు జిగటగానే ఉండిపోయాయి. పాళ్లు తప్పాయేమోనని రెండుసార్లు మళ్లీ తూచాను. తీరా చూస్తే తప్పు నా చేతి గ్లవ్స్‌ది. లాటెక్స్‌లో ఉండే గంధకం సిలికోన్‌ను గట్టిపరిచే ప్లాటినం పనిని ఆపేస్తుంది. నేను వేలితో సర్దిన చోటల్లా జిగట. నైట్రైల్ గ్లవ్స్‌కు మారాక ఆ బాధ పోయింది.

పట్టీని లాగితే కార్బన్ రేణువులు ఒకదానికొకటి దూరమై, కరెంటు నడిచే దారులు తెగి, రెసిస్టెన్స్ పెరుగుతుంది. అందరూ గొప్పగా చెప్పుకునేది ఈ పెరుగుదల గురించే, గేజ్ ఫ్యాక్టర్ (సాగిన దానికి రెసిస్టెన్స్ ఎన్ని రెట్లు మారిందో చెప్పే అంకె) అంత, ఇంత అని. నన్ను ఏడిపించింది మాత్రం వదిలేశాక జరిగేది. నా పట్టీ మామూలుగా 12 కిలోఓమ్‌లు, వేలు ముడిస్తే 31. తెరిచాక 12కి రావాలా? 17 దగ్గర ఆగి, పది నిమిషాల పాటు మెల్లగా జారుతూ 13కి వచ్చింది. రబ్బరు పాత రూపానికి వచ్చేస్తుంది గానీ లోపలి రేణువులు అంత తొందరగా సర్దుకోవు. వాడే ముందు పట్టీని యాభైసార్లు లాగి వదిలితే ఈ తేడా కొంత తగ్గుతుంది. మిగిలిన తేడాను ప్రోగ్రాంలో సర్దాను: నిలకడ విలువను నమ్మకుండా, గీతలో ముందటి గుంట నుంచి తర్వాతి శిఖరం దాకా ఎంత ఎగిసిందో చూస్తుంది. ఎన్నిసార్లు ముడిచారో లెక్కపెట్టడానికి అది చాలు. ఎంత కోణం ముడిచారో చెప్పడానికి చాలదు, అది ఇంకా తేలలేదు.

ఇక తెగేదంతా చివర్లలోనే. మెత్తటి రబ్బరు గట్టి తీగను కలిసే చోట వెండి పెయింట్ పూస్తే పదిసార్లకే పగిలింది. ఇప్పుడు కరెంటు పారే దారంతో కుట్టి, పైన మళ్లీ సిలికోన్ పోస్తున్నాను. బిగుసుకున్న వేళ్లకు పట్టీ ఉన్న గ్లవ్ తొడగడం నాన్నకు నొప్పి. అందుకే గ్లవ్ మానేసి, కణుపుకు అటూ ఇటూ మెడికల్ టేపుతో అంటిస్తున్నాను.

ఆదివారం సాయంత్రం ఉంగరపు వేలికి అంటించాను. ఆ వేలు కదలదని మేమంతా వదిలేసుకున్నాం.

"ముడవండి నాన్నా."

ఆయన నుదుటి నరం ఉబ్బింది. వేలు కదిలినట్టు నాకు కనిపించలేదు. ల్యాప్‌టాప్‌లో గీత మాత్రం కొంచెం లేచి దిగింది. టేపు జరిగిందేమోనని, చెయ్యి కదిలి ఉంటుందేమోనని, మళ్లీ అంటించి ఆరుసార్లు చేయించాను. ఆరుసార్లూ లేచింది. స్క్రీన్ ఆయన వైపు తిప్పాను.

"అది నా వేలేనా అమ్మా?" అన్నారు. ఇంకోసారి ముడిచి, గీతనే చూస్తూ కూర్చున్నారు.

నిన్న రాత్రి ఉంగరపు వేలి కోసమే కార్బన్ కాస్త తగ్గించి, ఇంకా పలచగా మూడు పట్టీలు పోశాను.