పీడీ3 ఓరల్: డేనిష్‌ని ముందు చెవితో చదవండి

పీడీ అంటే డెన్మార్క్‌లో విదేశీయులు రాసే డేనిష్ భాషా పరీక్ష, పక్కనున్న అంకె దాని స్థాయి. అక్కడ పర్మనెంట్ రెసిడెన్స్‌కి కనీసం పీడీ2, పౌరసత్వానికి మామూలుగా పీడీ3 అడుగుతారు. నేను రాసింది పీడీ3. రీడింగ్, రైటింగ్ గురించి పెద్దగా చెప్పను. పాత పేపర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, కూర్చుని చేస్తే పట్టు దొరుకుతుంది. మనవాళ్లకి టెన్షన్ అంతా ఓరల్ దగ్గరే.

తెలుగులో రాసిందంతా పలుకుతాం. డేనిష్ వాళ్లు రాసినదాంట్లో చాలా మింగేస్తారు. ‘ఏమిటి’ అనడానికి హెచ్, వి, ఏ, డి అని నాలుగక్షరాలు రాసి ‘వ’ అంటారు. జె, ఇ, జి అని రాసి ‘యై’ అంటారు, అంటే ‘నేను’. అందుకే నా నోట్‌బుక్‌లో స్పెల్లింగ్ కంటే ముందు విన్నది విన్నట్టు తెలుగులో రాసుకునేదాన్ని. పైగా మాటలు విడివిడిగా కాదు, మొత్తం కలిపి ఒకే ముక్కగా: వెర్స్‌గో (ఇదిగోండి), సెల్‌టక్ (థాంక్స్‌కి జవాబు), గొమోన్ (గుడ్ మార్నింగ్), టక్ ఫ సిస్ట్ (మొన్న కలిసినందుకు థాంక్స్). ఈ చివరిది మనకి వింతగా ఉంటుంది గానీ, పోయిన వారం మీ ఇంట్లో భోంచేసినవాళ్లు మళ్లీ కనబడగానే అనే మొదటి మాట అదే.

ఇక అందరూ భయపెట్టే మెత్తటి ‘డి’. భోజనం అనే మాటని ఎం, ఏ, డి అని రాస్తారు. మన చెవికి దాదాపు ‘మల్’ అని వినిపిస్తుంది, కానీ అది ల కాదు, ద కాదు. నాలుక కొన కింది పళ్ల వెనక ఆనించి, మధ్యభాగాన్ని కొంచెం పైకెత్తి ‘ల’ అనబోయి చూడండి. అద్దం ముందు చేస్తే త్వరగా పట్టుబడుతుంది.

ఇంకోటి స్టోల్, మాట మధ్యలో గొంతుని క్షణంపాటు నొక్కడం. ‘హున్’ అంటే ఆమె, గొంతు నొక్కి అంటే కుక్క. ‘మో’ అంటే అమ్మ, నొక్కితే హత్య! నవ్వొస్తుంది గానీ సందర్భాన్ని బట్టి ఎగ్జామినర్‌కి అర్థమైపోతుంది. లోలాండ్, ఫాల్‌స్టర్ దీవుల పాత మాండలికాల్లో ఇది లేనే లేదు, కాబట్టి దీనికోసం నిద్ర మానుకోకండి. గొంతులోంచి వచ్చే ‘ర’ కూడా అంతే, మన ర తో నెట్టుకురావచ్చని నా అభిప్రాయం.

టైమ్, అంకెలు మాత్రం వదలకండి. ‘హాల్ ట్రె’ని మాటకి మాట చూస్తే ‘సగం మూడు’, కానీ అర్థం రెండున్నర. మూడోది సగమే అయిందన్నమాట. 50ని ‘హాల్‌ట్రెస్’ అనేదీ ఇదే లెక్కతో: రెండున్నర ఇరవైలు. ‘ట్రెస్’ మూడు ఇరవైలు, 60. మూడున్నర ఇరవైలు 70, నాలుగున్నర ఇరవైలు 90. ఈ లెక్క ఒక్కసారి బుర్రకెక్కితే బట్టీ పట్టే పనుండదు. పైగా ఒకట్ల స్థానం ముందొస్తుంది, 95ని ‘ఐదూ తొంభై’ అంటారు. ఫోన్ నంబర్లు జంటలుగా చెప్పించుకుని రాయడం మంచి ప్రాక్టీస్.

ఓరల్‌లో ముందే తయారుచేసుకున్న టాపిక్ చెప్పాక సంభాషణ మొదలవుతుంది. అక్కడ మన ‘అనుకుంటున్నా’కి రెండు మాటలున్నాయి. చూసిన సినిమా బాగుందనిపిస్తే ‘యై సూన్స్’, చూడనిదాని గురించి ఊహిస్తే ‘యై ట్రో’. ఇవి కలిపేస్తే వెంటనే తెలిసిపోతుంది. ఆలోచించుకోవడానికి టైమ్ కావాలంటే ‘డె కొమ ఆన్ పొ’ అనండి, అంటే ‘పరిస్థితిని బట్టి ఉంటుంది’. అర్థం కాకపోతే ‘వ మేన దు?’ (మీ ఉద్దేశం ఏమిటి?) అని అడగండి, మౌనంగా ఉండటం కంటే చాలా నయం.

వినడానికి డీఆర్ (డెన్మార్క్ ప్రభుత్వ రేడియో, టీవీ సంస్థ) వాళ్ల పిల్లల వార్తలు ‘అల్ట్రా న్యూట్’ సరిపోతాయి. ఒక్కో మాట ఉచ్చారణకి ‘డెన్ డాన్స్కె ఓర్‌బోగ్’ అనే ఆన్‌లైన్ నిఘంటువులో ఆడియో ఉంది. మార్కులు మైనస్ 3 నుంచి 12 దాకా, 02 వస్తే పాస్. పరీక్షలు ఏటా రెండుసార్లు, మే-జూన్‌లోనూ నవంబర్-డిసెంబర్‌లోనూ. రిజిస్ట్రేషన్ చాలా ముందే మూసేస్తారు, మీ లాంగ్వేజ్ స్కూల్లో ఇప్పుడే కనుక్కోండి.