ర్యాలీలో 5:20 కొట్టాను, ట్రైనింగ్‌లో ఒక రోజు తాడు కింద కూలబడ్డాను

ఆర్మీలో అగ్నివీర్ జీడీకి (జనరల్ డ్యూటీ సైనికుడి పోస్టుకి) ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ఎలా కొట్టాలి అన్నా అని. నేనూ ఏడాదిన్నర పాటు అదే ధ్యాసలో ఉన్నాను. ఐదున్నర లోపు వస్తే 60 మార్కులు, పది పుల్‌అప్స్‌కి 40, ఆపైన తొమ్మిది అడుగుల గుంత, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ దాటితే చాలు. వీటికంటే ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష గట్టెక్కాలి కాబట్టి పగలు మ్యాథ్స్, జీకే, పొద్దున సాయంత్రం గ్రౌండ్. రిక్రూట్‌మెంట్ ర్యాలీలో 5:20కి లైన్ దాటాను, పుల్‌అప్స్ పదీ వచ్చాయి. ఇప్పుడు చూసుకుంటే నేను ప్రిపేర్ అయింది ఆ ఒక్క ఉదయానికే.

ట్రైనింగ్‌లో రెండు నెలలు దాటాక వచ్చిన ఒక రోజు గురించి చెప్తాను. ముందు రాత్రి గార్డ్ డ్యూటీ పడింది, నిద్ర నాలుగు గంటలు కూడా లేదు. నాలుగింటికి లేచి, గడ్డం గీసుకుని, బిస్తర్ (పక్క) సర్ది, చీకట్లోనే ఫాలిన్, అంటే వరసలో నిలబడటం. ఆ రోజు బీపీఈటీ (బ్యాటిల్ ఫిజికల్ ఎఫిషియెన్సీ టెస్ట్) ప్రాక్టీస్. కాళ్లకు బూట్లు, వీపున పిట్టు (సామాను బ్యాగు), చేతిలో రైఫిల్, 5 కిలోమీటర్లు పరిగెత్తాలి. 28 నిమిషాల లోపు వస్తే పాస్, 25లో వస్తే ఎక్సలెంట్. ఇన్సాస్ రైఫిల్ ఒక్కటే నాలుగు కిలోల పైన ఉంటుంది. బరువు కంటే ఇబ్బంది ఏంటంటే చేతులు ఊపడానికి ఉండదు. రైఫిల్ పట్టుకుంటే భుజాలు బిగుసుకుంటాయి, భుజాలు బిగుసుకుంటే ఊపిరి లోపలికి దిగదు, మన అడుగుల లెక్కంతా పోతుంది. షార్ట్స్, తేలికపాటి షూస్‌తో ఏడాదిన్నర పరిగెత్తిన నాకు మొదటి కిలోమీటరులోనే ఎవరి కాళ్లతోనో పరిగెడుతున్నట్టు అనిపించింది.

మూడో కిలోమీటరు దగ్గర మడమ మీద బొబ్బ పగిలింది. తప్పు నాదే. ముందు రోజు వానలో తడిసిన సాక్స్ ఆరలేదు, ఉన్న ఒక్క పొడి జతనీ ఇన్‌స్పెక్షన్‌కి దాచుకుని, పొద్దున ఆ తడివే వేసుకున్నాను. 29 దాటాక చేరాను. స్క్వాడ్‌లో ముగ్గురం ఫెయిల్, రగడా (ఒళ్లు హూనం చేసే శిక్ష) మాత్రం స్క్వాడ్ మొత్తానికి. ఫ్రంట్ రోల్, క్రాలింగ్, మళ్లీ ఫ్రంట్ రోల్. మంచి టైమింగ్‌తో వచ్చినవాళ్లు కూడా నా పక్కనే మట్టిలో దొర్లుతుంటే వాళ్ల మొహం చూడలేకపోయాను. నొప్పి కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది నన్ను.

తర్వాత డ్రిల్ స్క్వేర్. పగిలిన మడమతో కదమ్ తాల్, అంటే ఉన్నచోటే కాళ్లు ఎత్తి కొట్టడం, ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆర్డర్లన్నీ హిందీలోనే. నిద్రమత్తులో "దాహినే ముడ్" (కుడికి తిరుగు) అని అరిస్తే ఎడమకి తిరిగాను. మనవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, అక్కడ ఆర్డర్ విన్న క్షణంలో ఒళ్లు తిరగాలి, మనసులో తెలుగులోకి మార్చుకునే టైమ్ ఉండదు. రాత పరీక్షకి చదువుతూనే రోజూ పది నిమిషాలు హిందీ అంకెలు, దిక్కులు, శరీర భాగాల పేర్లు వింటూ ఉండండి. నేను చేయలేదు, దాని వల్ల మొదటి నెలంతా పక్కవాడిని చూసి కదిలేవాడిని. వెపన్ క్లాసులో కళ్లు మూతలు పడుతుంటే ఉస్తాద్ (మా ట్రైనర్) నన్ను వెనక నిలబెట్టారు. అది నిజానికి మేలే చేసింది.

సాయంత్రం వర్టికల్ రోప్, అంటే నిలువుగా వేలాడే తాడు ఎక్కడం. పది పుల్‌అప్స్ వచ్చినవాడిని కదా అని చేతుల బలంతో లాగాను. సగం కూడా వెళ్లలేదు, జారి కింద కూలబడ్డాను. లేవాలనిపించలేదు. ఇంటికి వెళ్లిపోతే ఏమవుతుంది అని ఆలోచించింది ట్రైనింగ్ మొత్తంలో అప్పుడే. ఉస్తాద్ అరవలేదు. పక్కన కూర్చుని నా బూట్ల మధ్య తాడు పెట్టి, ఒక పాదం కింద నుంచి, ఇంకో పాదం పై నుంచి ఎలా నొక్కాలో చూపించారు. చేతులు పట్టుకోవడానికే, ఎక్కించేది కాళ్లు అన్నారు. రెండోసారి పై దాకా వెళ్లాను. బ్యారక్‌కి వచ్చేసరికి, పొద్దున నా వల్ల మట్టిలో దొర్లిన రాజస్థాన్ కుర్రాడు తన పొడి సాక్స్ ఒక జత నా బిస్తర్ మీద పెట్టి వెళ్లాడు. నేను సారీ చెబుదామంటే అప్పటికే నిద్రపోయాడు.

అందుకే అడుగుతున్నాను తమ్ముళ్లూ, వారంలో ఒక్క రోజు అలిసిపోయాక పరిగెత్తండి. ముందు స్క్వాట్స్, పుష్‌అప్స్ చేసి, అప్పుడు 1.6 తీయండి. బూట్లు అలవాటు చేసుకోవాలంటే నడకతో మొదలుపెట్టండి, మొదటి రోజే రోడ్డు మీద పరిగెత్తకండి. ఒక్కసారిగా లోడ్ పెంచితే మోకాలి కింద ఎముకకి స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని పగులు) రావచ్చు, రిక్రూట్లలో ఇది మామూలుగా కనిపించే దెబ్బే. ఒకే చోట నొప్పి ఉండి, నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే దాచుకోకండి, డాక్టర్‌కి చూపించండి. దాచుకుని పరిగెత్తి వారాల తరబడి వెనకబడ్డవాళ్లని చూశాను.

మొన్న లీవ్‌లో మా బాబాయి కొడుకుని గ్రౌండ్‌కి తీసుకెళ్లాను. 5:28 కొట్టి నవ్వుతూ వచ్చాడు. పది నిమిషాలు ఆగి, ఇరవై పుష్‌అప్స్ తీయించి, మళ్లీ పరిగెత్తమన్నాను. 6:50. వాడి మొహం వాడిపోయింది, కానీ ఇప్పుడు నోట్‌బుక్‌లో ఆ రెండో టైమింగే రాసుకుంటున్నాడు. నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు, 6:21 అట.