2018 డీఎస్సీలో ‘విలువ’ దగ్గర పోగొట్టుకున్నది 2025లో ఎలా రాబట్టానంటే

అందరికీ నమస్కారమండి. మెగా డీఎస్సీ, అంటే ఏపీ ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష, దాని మెరిట్ లిస్టులో నా హాల్‌టికెట్ నంబరు ఉంది. ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టు, ఉమ్మడి తూర్పు గోదావరి. నేను మూడుసార్లు చూసుకుని, తమ్ముడి చేత ఒకసారి చూపించి, అప్పుడు అమ్మకి చెప్పాను. 16,347 పోస్టుల్లో ఒకటి. ఇంక ఆ అంకె చూసి బెంగపడక్కర్లేదు.

సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, మళ్లీ రాయను. ఏ పుస్తకాలు అని అందరూ అడుగుతున్నారు. స్కూలు పాఠ్యపుస్తకాలు, డీఎడ్ మెథడ్స్ (బోధనా పద్ధతులు), సైకాలజీకి సొంత నోట్సు. అంతే. నేను చెప్పాలనుకున్నది ఒకే ఒక్క మాట గురించి. ఇంగ్లిష్‌లో వాల్యూ, మనకి విలువ.

2018 డీఎస్సీ రాసి ఇంటికొచ్చి కీ చూసుకున్న రోజు ఇప్పటికీ గుర్తే. ఇంగ్లిష్‌లో ఇన్‌వాల్యుబుల్‌కి అర్థం అడిగాడు. ఇన్ అంటే ‘కానిది’ కదా, ఇన్‌విజిబుల్ కనపడనిది, ఇన్‌వాలిడ్ చెల్లనిది, అలాగే ఇది విలువలేనిది అనుకుని ‘వర్త్‌లెస్’ పెట్టేశాను. కింద ‘ప్రైస్‌లెస్’ ఉంది. అది ఉచితంగా ఇచ్చేది కాబోలు అనుకున్నాను, నవ్వకండి. లెక్కల్లో 5,238లో 2 స్థాన విలువకీ (నిలబడ్డ చోటుని బట్టి వచ్చేది) ముఖ విలువకీ (ఉత్త అంకె) భేదం అడిగాడు. స్థాన విలువ 200 కనపడగానే నొక్కి వచ్చేశాను, రెండు తీసెయ్యలేదు. మెథడ్స్‌లో గణిత బోధనా లక్ష్యం ఏది, విలువ ఏది అన్న బిట్టు. అదీ పోయింది. మూడు బిట్లు, మూడింటికీ ఒకటే ఇంటిపేరు. నా కేటగిరీలో చివరి పోస్టు ఒక్క మార్కు తేడాతో వేరేవాళ్లకి వెళ్లింది.

ఆ తర్వాత ఆరేళ్లు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చి, అదీ రద్దు చేశారు. ఆ వేసవిలోనే మా ఇంటికి పాత సామాన్లు కొనే అబ్బాయి వచ్చాడు. 1991 పుష్కరాల్లో కోటిపల్లి రేవు దగ్గర మా మామ్మ కొన్న ఇత్తడి బిందె అరుగు మీద ఉంది. అడుగున ఒక సొట్ట, మెడ దగ్గర పచ్చగా చిలుము. వాడు చేత్తో ఎత్తి చూసి కిలోల లెక్కన ఒక రేటు చెప్పాడు. మామ్మకి కోపం వచ్చింది.

“ఒరే అబ్బాయ్, అది వెలలేనిదిరా. కింద పెట్టు.”

“వెలలేనిదైతే ఊరికే ఇచ్చెయ్యండి మామ్మగారూ!”

వాడు హాస్యానికే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే 2018 డీఎస్సీలో నేను కంప్యూటర్ ముందు కూర్చుని చేసింది సరిగ్గా అదే. వెలలేనిది వేరు, విలువలేనిది వేరు. పుట్టినప్పటినుంచీ నోట్లో ఉన్న తేడాని ఇంగ్లిష్ బిట్టు దగ్గర మర్చిపోయాను. అమూల్యం అన్నా అంతే, మూల్యం కట్టలేనిది. ఇన్‌వాల్యుబుల్‌లో వాల్యూ నామవాచకం కాదండి, క్రియ. వెలకట్టు అని. వెలకట్టడానికి వీలుకానిది కాబట్టి ఇన్‌వాల్యుబుల్. నిజంగా పనికిరానిదైతే వాల్యూలెస్, వర్త్‌లెస్.

బహువచనం దగ్గర ఇంకో మెలిక. విలువలేని మనిషి అంటే ఎవరూ లెక్కచెయ్యనివాడు. విలువల్లేని మనిషి అంటే నీతి లేనివాడు, వాడికి ఊళ్లో బోలెడు విలువ ఉండొచ్చు. ఇంగ్లిష్‌లో కూడా అంతే, చివర ఎస్ చేరగానే వాల్యూ కాస్తా నీతినియమాలయి కూర్చుంటుంది.

ఆ రాత్రి ఒక నోట్‌బుక్కు తీసి మొదటి పేజీలో ‘విలువ’ అని రాశాను. ఏ సబ్జెక్టులో ఎక్కడ ఆ మాట తగిలినా అందులోకే. వాల్యూకి మూలం లాటిన్‌లో వాలెరె, బలంగా ఉండటం అని అర్థం. వాలిడ్, ఈక్వివలెంట్, ప్రివెయిల్, సైన్సులో మనం బట్టీపట్టే వాలెన్సీ, అన్నీ ఆ గింజ మొలకలే. ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ విలువ 7 అయితే తటస్థం. ఇది చేపల, రొయ్యల చెరువులున్న మా రైతులకి నాకన్నా బాగా తెలుసు. సున్నా ఏ స్థానంలో ఉన్నా దాని స్థాన విలువ సున్నానే. మెథడ్స్‌లో లక్ష్యం అంటే పాఠానికి ముందు పెట్టుకునేది, విలువ అంటే బోధన తర్వాత పిల్లవాడికి వచ్చి చేరేది. ప్రయోజన, క్రమశిక్షణ, సాంస్కృతిక విలువలు మూడూ అక్కడే ఒక గీత గీసి రాసుకున్నాను.

మా వీధిలో ఒకాయన కొబ్బరితోట అమ్మినప్పుడు ఇంకోటి దొరికింది. రిజిస్ట్రేషన్ లెక్కలో ‘మార్కెట్ విలువ’ అనేది మార్కెట్లో పలికే ధర కాదు, స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం కట్టిన ధర. చేతులు మారే డబ్బుని మావాళ్లు బయట రేటు అంటారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో వెయ్యి కాయలకి ఎంత అన్నది ధర. నాన్నగారు మొక్కల మొదట్లో కూర్చుని పోసిన నీళ్లది ఇంకేదో. నీళ్లంటే గుర్తొచ్చింది, ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో అడిగిన ప్రశ్న. అంత ఉపయోగపడే నీటికి ధర లేదు, దేనికీ పనికిరాని వజ్రానికి అంత ధరేంటి? నీటిది ఉపయోగ విలువ, వజ్రానిది వినిమయ విలువ, అంటే మారకంలో పలికేది. 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట కాలువల పక్కన పుట్టినవాళ్లకి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది, వేసవిలో కాలువలు కట్టేసి బిందెలు వరస పెట్టేదాకా.

ఈసారి నా సెషన్లో విలువ మీద వచ్చినవి రెండే బిట్లు. ఇంతేనా అంటారేమో. బిట్టుకి అర మార్కు, నేను పోయింది ఒక్క మార్కుతో. ఇంకో లెక్క కూడా చూడండి. టెట్ (టీచరు అర్హత పరీక్ష) 150 మార్కులకి డీఎస్సీలో వెయిటేజీ 20. అంటే టెట్‌లో నాలుగు మార్కులు పెంచుకుంటే డీఎస్సీలో ఒక బిట్టు కన్నా కాస్త ఎక్కువే. అందుకే 2024 అక్టోబర్ టెట్ మళ్లీ రాశాను. క్వాలిఫై అయి ఉండి మళ్లీ ఎందుకే అని నవ్వినవాళ్లు ఉన్నారు. పెళ్లి వాయిదా వేసుకుంటున్నానని అన్నవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు వాళ్లే అదృష్టం అంటున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి మా వంటింట్లో లైటు వెలిగేది, ఆ కరెంటు బిల్లు చూపిస్తే అదృష్టం రేటెంతో తెలుస్తుంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఫోను పక్కగదిలో పెట్టండి. టెలిగ్రామ్‌లో వెయ్యి పీడీఎఫ్‌లు దాచుకున్నవాడు ఒక్కటీ తెరవడు, నేనూ దాచుకున్నాను కాబట్టి చెప్తున్నా.

సరే, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి జిరాక్సులు తీయించాలి, వెళ్తున్నాను. ఈలోగా ఇది చెయ్యండి. 8,080లో రెండు ఎనిమిదుల స్థాన విలువల మొత్తంలోంచి వాటి ముఖ విలువల మొత్తం తీసేస్తే ఎంత? ఏ: 8,080. బీ: 8,072. సీ: 8,064. నాలా మొదటిది చూడగానే నొక్కెయ్యకండి.