నాన్నల రోజు ఎవరి కోసం?

పాఠశాలలో తండ్రులను గౌరవించే కార్యక్రమం అనగానే నిర్వాహకుల ఆలోచన వేదిక మీదికి, ప్రసంగాల మీదికి, పిల్లల పాటల మీదికి పోతుంది. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు (ప్రసంగాలను మాత్రం సగానికి తగ్గించవచ్చు). అయితే ఆ రోజు ఎవరి కోసం జరుగుతోందో ఆహ్వాన పత్రంలోని మొదటి వాక్యమే తేల్చేస్తుంది. "మీ నాన్నగారిని తీసుకురండి" అని రాసి పంపితే, తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడూ, తండ్రి దూరదేశంలో పనిచేస్తున్న అమ్మాయీ, తల్లిదండ్రులు విడిపోయిన ఇంటి బిడ్డా ఆ కాగితాన్ని ఇంట్లో చూపించకుండా పుస్తకాల సంచి అడుగున దాచిపెడతారు. "మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండే పెద్దవారిని, నాన్నగారైనా, తాతయ్య అయినా, మామయ్య అయినా, బాబాయి అయినా, అన్నయ్య అయినా, వెంటబెట్టుకుని రండి" అని రాస్తే ఆ దాపరికం అవసరం చాలావరకు తప్పుతుంది. అమ్మే రెండు బాధ్యతలూ మోస్తున్న ఇంటి నుంచి అమ్మ వస్తే ఆమెకూ ముందు వరుసలోనే కుర్చీ వేయాలి.

ఇలా రాయడం వల్ల ఈ రోజుకున్న అర్థం పలచబడుతుందని కొందరు అంటారు. నాన్నల రోజు పుట్టుకను చూస్తే ఆ మాట నిలవదు. 1907 డిసెంబరులో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, మొనొంగా బొగ్గుగనిలో సంభవించిన పేలుడులో 360 మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో చాలామంది బిడ్డల తండ్రులు. ఆ మరుసటి ఏడాది 1908 జులై 5న, దగ్గరలోని ఫెయిర్‌మాంట్ పట్టణపు చర్చిలో తండ్రుల స్మరణార్థం ఒక ప్రార్థన జరిగింది. 1910 జూన్ 19న అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నగరంలో ఈ దినోత్సవాన్ని జరిపించిన సొనోరా స్మార్ట్ డాడ్, ప్రసవ సమయంలో భార్యను కోల్పోయి పిల్లలను ఒంటరిగా పెంచిన తన తండ్రి గౌరవార్థమే దానికి పూనుకున్నారు. అమెరికాలో జూన్ మూడో ఆదివారానికి నాన్నల రోజుగా చట్టబద్ధమైన గుర్తింపు 1972లో గాని రాలేదు. అంటే తండ్రిని కోల్పోయిన పిల్లల దుఃఖమూ, తల్లి లేని ఇంటిని ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన తండ్రి శ్రమా ఈ రోజుకు మొదటినుంచీ పునాదిలో ఉన్నాయి. లోటు ఉన్న ఇంటి బిడ్డను ఈ వేడుక నుంచి పక్కకు నెట్టడానికి చరిత్రలో ఆధారం లేదు.

మా పిల్లలు చదివే బడిలో నిరుడు జరిగిన కార్యక్రమంలో నాకు నచ్చిన భాగం వేదిక మీద జరగలేదు. వచ్చిన పెద్దలందరినీ తరగతి గదులకు పంపి, పిల్లలనే ఉపాధ్యాయులుగా ఉండమన్నారు. రెండో తరగతిలో ఒక పెద్దాయన పిల్లల కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా, ఇరుక్కుని కూర్చున్నారు. మనవరాలు ఆయనకు తీసివేతలు నేర్పుతోంది. ఆయన కావాలనే తప్పు అంకె చెప్పారు. "కాదు తాతయ్యా, పై అంకె చాలదు కదా, పక్కింటి పదిలోంచి అప్పు తెచ్చుకోవాలి" అంటూ ఆ పిల్ల పెన్సిలు లాక్కుని, పదుల స్థానంలోని అంకెను కొట్టేసి, దాని నెత్తిన ఒకటి తక్కువ వేసి చూపించింది. అదే గదిలో గ్రీటింగు కార్డుల మీద పేరు అచ్చు వేయకుండా గీత మాత్రం గీసి ఉంచిన ఉపాధ్యాయిని ముందుచూపును కూడా మెచ్చుకోవాలి. ఎవరి పేరు రాయాలో పిల్లలే నిర్ణయించుకున్నారు. ఒక అబ్బాయి రెండు కార్డులు అడిగి తీసుకున్నాడు.

తండ్రులు బడికి రావడం వేడుకకే పరిమితం కాకూడదని చెప్పడానికి ఒక ఆధారం ఉంది. అమెరికా జాతీయ విద్యా గణాంక కేంద్రం 1997లో వెలువరించిన నివేదిక, తండ్రుల పాలుపంచుకోవడాన్ని మామూలు పనులతోనే కొలిచింది: పాఠశాల సమావేశానికి రావడం, ఉపాధ్యాయులతో విడిగా మాట్లాడడం, తరగతి కార్యక్రమానికి హాజరుకావడం, స్వచ్ఛందంగా ఏదైనా పని చేయడం. వీటిలో ఎక్కువ పనులు చేసే తండ్రుల పిల్లలు మంచి గ్రేడులు తెచ్చుకునే అవకాశం ఎక్కువగా కనిపించింది. తల్లుల పాత్రను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ సంబంధం నిలిచింది. ఒకటి మరొకదానికి కారణమని దీనితో రుజువైపోదు. అయినా ఆ నాలుగు పనుల్లో ఏ ఒక్కటీ డబ్బుతోనో పెద్ద చదువుతోనో ముడిపడినది కాదన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది.

ముడిపడినదల్లా సమయంతో. పనిదినం మధ్యాహ్నం కార్యక్రమం పెట్టి, తండ్రులు రాలేదని నిష్ఠూరమాడడం న్యాయం కాదు. దినకూలీకి, షిఫ్టుల్లో పనిచేసేవారికి సెలవు దొరకాలంటే కొన్ని వారాల ముందే కబురు అందాలి. వీలైతే బడి మొదలయ్యే ముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట అని రెండు వేళలు పెట్టాలి. బిడ్డను కలవడానికి ఎవరికి అనుమతి ఉందో కార్యాలయం ముందే సరిచూసుకోవాలి. ఈ సంగతి గేటు దగ్గర పిల్లల ఎదుట చర్చకు రాకూడదు.

నిరుడు ద్వారం దగ్గరి సంతకాల పుస్తకంలో ఒక అదనపు గడి ఉంచారు: ఏడాదిలో ఇంకెప్పుడు, ఏ పనికి రాగలరని. ఒకరు "కిటికీ గొళ్లాలు, తలుపు బందులు బాగుచేయగలను" అని రాశారు. మరొకరు "కథలు చెబుతాను, శనివారాలు మాత్రమే" అని రాశారు. ఒక మామయ్య ఏమీ రాయకుండా ఫోను నంబరు మాత్రం ఇచ్చి వెళ్లారు. ఆ నెలాఖరులోగా ముగ్గురికీ బడి నుంచి ఫోన్లు వెళ్లాయి.