శాపాలు, కోతి, కోడి: ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ గ్రౌండ్ల చుట్టూ నాలుగు రోజులు

మాది అనపర్తి పక్కన ఒక పల్లెటూరు, చుట్టూ కోళ్ళ ఫారాలే. అందుకే ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంగతి నాకు ఫస్ట్ తెలిసింది టీవీలో కాదు, 2010 చివర్లో ఒకరోజు పొద్దున్నే నాన్న టిఫిన్ తింటూ "మన కోళ్ళ కంపెనీ వెంకీస్ వాళ్ళు లండన్‌లో ఫుట్‌బాల్ టీమ్ కొన్నార్రా" అన్నప్పుడు తెలిసింది. లండన్ కాదు, బ్లాక్‌బర్న్. మా నాన్నకి ఇంగ్లాండ్ మొత్తం లండనే. అప్పట్నించి ఆ టీమ్ గురించి ఏదో ఒకటి చదువుతూ, దాని పక్కన ఇంకో టీమ్ గురించి చదువుతూ, చివరికి నాకు గోల్స్ కన్నా ఈ క్లబ్బుల మీద ఉన్న పుకార్ల పిచ్చి ఎక్కువైపోయింది.

పోయినేడు మే నెలాఖరులో బర్మింగ్‌హామ్‌లో ఉన్న చెల్లి వాళ్ళింటికి వెళ్ళా. సీజన్ అప్పటికే అయిపోయింది, ఒక్క మ్యాచ్ కూడా లేదు. నాకు మ్యాచ్ కాదు కథలు జరిగిన చోట్లు చూడాలి అంటే బావ నన్ను పైనుంచి కిందకి చూసి "వీసా ఫీజు కట్టి వచ్చింది గోడలు చూడ్డానికా బావా" అన్నాడు. ఆయన పదేళ్ళుగా ఆస్టన్ విల్లా ఫ్యాను, అందుకే ఫస్ట్ రోజు అదే ఊళ్ళో పోటీ క్లబ్బు బర్మింగ్‌హామ్ సిటీ వాళ్ళ గ్రౌండ్ సెయింట్ ఆండ్రూస్‌కి తీసుకెళ్ళమంటే కారు రోడ్డు మీదే ఆపి, నేను దిగను నువ్వెళ్ళి చూసిరా అని సీట్లోంచి కదల్లేదు.

ఆ గ్రౌండ్ 1906 డిసెంబర్ 26న మొదలైంది. అక్కడ అంతకుముందు జిప్సీలు, అంటే ఊరూరా తిరిగే రోమానీ జనం, గుడారాలు వేసుకుని ఉండేవాళ్ళని, క్లబ్బు వాళ్ళని వెళ్ళగొడితే పోతూ పోతూ నూరేళ్ళు మీరు బాగుపడరు అని శపించారని కథ. దీన్ని అక్కడి మేనేజర్లు నిజంగానే నమ్మారండీ. 1980ల్లో రాన్ సాండర్స్ ఫ్లడ్‌లైట్ స్తంభాలకి శిలువలు కట్టించాడట, ప్లేయర్ల బూట్ల అడుగున ఎర్ర రంగు వేయించాడట. ఈ సాండర్స్ అంతకుముందు 1981లో విల్లాని లీగ్ ఛాంపియన్ చేసిన మనిషి, అంటే అంతటి వాడు కూడా రోడ్డు దాటి ఇటు వచ్చేసరికి మన ఊళ్ళో కొత్త షాపుకి నిమ్మకాయలు కట్టినట్టు కట్టాల్సి వచ్చింది. 1990ల్లో బ్యారీ ఫ్రై అనే ఇంకో మేనేజర్ అయితే ఎవరో చెప్పారని గ్రౌండ్ నాలుగు మూలలా ఒంటేలు పోసొచ్చాడు. ఇది పుకారు కాదు, ఆయనే ఇంటర్వ్యూల్లో నవ్వుకుంటూ చెప్పుకున్నాడు. నాలుగు మూలలు అంటే ఈశాన్యం కూడా లెక్కలోకి వచ్చినట్టే కదా, మా ఊరి వాస్తు పంతులుగారికి ఈ ముక్క చెప్తే ఇంక క్లబ్బు బాగుపడినట్టే అంటాడు. ఆ తర్వాత టీమ్ గెలవడం మొదలైందంట, ఫ్రై ఉద్యోగం మాత్రం ఊడింది.

గేటు బయట నిలబడి నాకు తట్టింది ఏంటంటే, ఈ శాపం కొంచెం లీకేజీ ఉన్న శాపం. నూరేళ్ళు ఏమీ గెలవరన్నారు కదా, 1963లో లీగ్ కప్ గెలిచారు, అదీ ఫైనల్లో విల్లా మీద. గడువు తీరాక 2011లో వెంబ్లీలో ఆర్సెనల్ మీద మళ్ళీ లీగ్ కప్ గెలిచారు, భలే శాపం వదిలింది అనుకునేలోపు అదే సీజన్ చివర్లో కింది డివిజన్‌కి జారిపోయారు. కార్లోకి వచ్చి 1963 సంగతి బావకి గుర్తుచేస్తే ఆయన ఏసీ పెంచాడు, మాట్లాడలేదు.

ఇంకో విషయం నాకు మింగుడు పడలేదు. ఇంగ్లాండ్‌లో ఏ గ్రౌండ్ శాపం కథ విన్నా శపించింది జిప్సీలే. ఇల్లు పోయింది వాళ్ళకి, చెడ్డపేరూ వాళ్ళకే. ఈ రోమానీ జనం మూలాలు మన దేశం నుంచే, వాళ్ళ భాషలో రెండుని దుయి అంటారు, ఐదుని పంజ్ అంటారు. శపించే ఉంటే సగం శాపం మనకీ అర్థమయ్యేది.

ఇంటికెళ్ళే దారిలో బావ తనంతట తనే న్యూటౌన్ రో అనే రోడ్డు మీదుగా తిప్పాడు, విల్లా కథ కదా మరి. 1895లో విల్లా ఎఫ్ఏ కప్ గెలిచింది, ఆ కప్పుని ఇక్కడ షిల్‌కాక్ అనే ఆయన ఫుట్‌బాల్ సామాన్ల షాపులో అద్దం వెనకాల జనం చూడ్డానికి పెట్టారు, సెప్టెంబర్ 11 రాత్రి ఎవడో లేపుకుపోయాడు, ఇప్పటికీ దొరకలేదు. ఫుట్‌బాల్ అసోసియేషన్ వాళ్ళు విల్లాకి 25 పౌండ్లు ఫైన్ వేసి కొత్తది చేయించుకున్నారు. 1958లో 83 ఏళ్ళ ముసలాయన ఒకాయన పేపర్‌వాళ్ళకి చెప్పాడు, నేనే దొంగతనం చేశా, కరిగించి దొంగ నాణేలు పోసేశాం అని. దొడ్డి తలుపు పగలగొట్టి దూరామన్నాడు ఆయన, అప్పటి పేపర్లలో మాత్రం దొంగ కప్పులోంచి దిగాడని ఉంది. ఇంటికప్పులోంచి అని నా ఉద్దేశం, తెలుగులో ఈ వాక్యం రాయడం ఇంత కష్టమని నాకు తెలీదు. ఆ రోడ్డు మీద చూడ్డానికైతే ఏమీ లేదు, అంతా బిజీ ట్రాఫిక్కు.

రెండో రోజు బావకి డ్యూటీ లేదు, ట్రైన్లో డెర్బీ పోయాం. ట్రైన్లో ఆయన నాకొక క్విజ్ ప్రశ్న వేశాడు, అక్కడ పబ్బుల్లో పాత ప్రశ్నంట: పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాస్తే పెన్నుతో రంగు నింపడానికి ఒక్క గుండ్రం కూడా దొరకని క్లబ్బు ఏది? ఆన్సర్ హల్ సిటీ. అదే పేరు తెలుగులో రాసి చూపించా, ఎటు చూసినా సున్నాలే, మన లిపిలో ఈ ప్రశ్న ముందే చచ్చిపోతుంది.

డెర్బీ కౌంటీ పాత గ్రౌండ్ పేరు బేస్‌బాల్ గ్రౌండ్. ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆ పేరేంటంటే, ఫ్రాన్సిస్ లే అనే ఫ్యాక్టరీ ఓనర్ అమెరికా పోయొచ్చి బేస్‌బాల్ మోజులో కట్టించాడు. 1890లో అక్కడ బేస్‌బాల్ లీగ్ కూడా పెట్టారు, డెర్బీ వాళ్ళు మధ్యలో తప్పుకుంటే ఛాంపియన్ ఎవరయ్యారంటే ఆస్టన్ విల్లా. ఇది బావకే తెలీదు! ఫోన్లో రెండుసార్లు చెక్ చేసుకుని అప్పుడు నమ్మాడు. 1895లో డెర్బీ వాళ్ళు ఇక్కడికి మారినప్పుడు కూడా జిప్సీల శాపమే. 1898, 1899, 1903 మూడు ఎఫ్ఏ కప్ ఫైనల్సూ ఓడిపోయారు, మూడోది బరీ చేతిలో 6-0, అది శాపం కాకపోయినా శాపంలాగే ఉంటుంది. 1946 ఫైనల్‌కి ముందు కెప్టెన్ జాక్ నికొలస్ జిప్సీల దగ్గరికెళ్ళి చేతిలో వెండి పెట్టి శాపం తీసేయమని అడిగొచ్చాడని చెప్తారు. ఇంక మ్యాచ్ చూడాలి, అవతలి టీమ్ చార్ల్‌టన్ ప్లేయర్ బెర్ట్ టర్నర్ ముందు సొంత గోల్‌లోకి కొట్టుకుని, వెంటనే అటు కూడా ఒకటి కొట్టాడు, తర్వాత బంతి ఢామ్మని పేలిపోయింది, ఎక్స్‌ట్రా టైమ్‌లో డెర్బీ 4-1తో గెలిచింది. చార్ల్‌టన్ వాళ్ళు తర్వాతేడు కూడా ఫైనల్ ఆడారు, అందులోనూ బంతి పేలింది. యుద్ధం అప్పుడే అయింది కాబట్టి తోలు సరుకు బాగోలేదంటారు, నాకూ అదే నిజం అనిపిస్తుంది గానీ కథకి అది పనికిరాదు.

ఇప్పుడు అక్కడ గ్రౌండ్ లేదు, అన్నీ ఇళ్ళు. ఒక పెద్దావిడ బట్టలారేస్తూ మమ్మల్ని అనుమానంగా చూసింది, ఫోటో కూడా తియ్యకుండా వచ్చేశాం.

అక్కణ్ణించి నాటింగ్‌హామ్ అరగంటే. ట్రెంట్ నదికి ఇటు నాట్స్ కౌంటీ క్లబ్బు గ్రౌండ్, అటు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బుది, పక్కనే మన క్రికెట్‌వాళ్ళందరికీ తెలిసిన ట్రెంట్ బ్రిడ్జ్. వంతెన మీద నిలబడితే మూడూ దగ్గర దగ్గరే. తమాషా ఏంటంటే ఫారెస్ట్ గ్రౌండ్ పేరు సిటీ గ్రౌండ్, కానీ అది నది అవతల వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్‌లో ఉంది, లెక్క ప్రకారం సిటీ హద్దులోనే లేదు. ఆ ఫారెస్ట్ లీగ్ గెలిచింది ఒక్కసారి, 1978లో. యూరోపియన్ కప్ గెలిచింది రెండుసార్లు, 1979, 1980. ఊళ్ళో ఒక్కసారి ఫస్టొచ్చి జిల్లాకి రెండుసార్లు ఫస్టొచ్చినట్టు. 1886లో ఆర్సెనల్ మొదలైనప్పుడు ఎర్ర చొక్కాలు ఇచ్చింది కూడా వీళ్ళే. నాట్స్ కౌంటీ 1862 నాటిది, వాళ్ళ తెలుపు నలుపు చారలే 1903లో ఇటలీ పోయి యువెంటస్ అనే క్లబ్బు చొక్కా అయింది, అంతకుముందు వాళ్ళది గులాబీ రంగు, ఉతికితే వెలిసిపోయేదంట. ఆ యువెంటస్ వాళ్ళు అసలు ఎర్రవి ఆర్డర్ పెడితే పొరపాటున ఇవి వచ్చాయని ఒక వెర్షన్, లేదు సాయం చేసినాయన కౌంటీ ఫ్యాన్ కాబట్టి కావాలనే ఇవి పంపాడని ఇంకో వెర్షన్. నేను రెండోదానికే ఓటు, ఎందుకంటే బావ అయినా అలాగే చేస్తాడు. మర్యాదకి మాత్రం యువెంటస్ 2011లో కొత్త స్టేడియం తెరిచినప్పుడు మొదటి మ్యాచ్‌కి నాట్స్ కౌంటీనే పిలిచారు, 1-1.

మూడో రోజు కార్లో హార్టిల్‌పూల్. లాంగ్ డ్రైవ్, దారంతా వాన, చెల్లి కట్టిచ్చిన పులిహోర యార్క్ దాటకముందే ఖాళీ. అక్కడ సముద్రం గాలి మొహం మీద కొట్టినట్టుంటుంది. ఈ ఊరివాళ్ళకి మంకీ హ్యాంగర్స్ అని పేరు. నెపోలియన్ యుద్ధాల టైమ్‌లో ఒక ఫ్రెంచి ఓడ మునిగి, అందులో సైనికుడి డ్రెస్సు వేసిన కోతి ఒక్కటే ఒడ్డుకొచ్చిందట, ఊరోళ్ళెవరూ ఫ్రెంచివాణ్ణి చూసిన పాపాన పోలేదు, కోతి మాట్లాడేది ఫ్రెంచే అనుకుని గూఢచారి అని బీచ్‌లోనే విచారణ చేసి ఉరితీశారట. రికార్డుల్లో ఎక్కడా లేదు, 19వ శతాబ్దం మధ్యలో ఒక స్టేజీ పాట వల్ల ఊరూరా పాకింది. ఈ కథ అమ్మకి ఫోన్లో చెప్పడం నా తప్పు, "ఆంజనేయస్వామిని ఉరితీసిన ఊళ్ళో నువ్వెందుకు ఉన్నావురా, చీకటి పడకముందే బయల్దేరు" అని ఒకటే గొడవ.

అసలు మజా తర్వాత ఉంది. మొదట్లో ఈ వెక్కిరింపుకి ఊరోళ్ళకి మండేది, తర్వాత హార్టిల్‌పూల్ యునైటెడ్ వాళ్ళే కోతి వేషాన్ని మస్కట్, అంటే టీమ్ గుర్తు బొమ్మ, చేసుకుని హ్యాంగస్ అని పేరెట్టారు. ఆ కోతి వేషం కట్టే స్టువర్ట్ డ్రమండ్ 2002లో మేయర్ ఎన్నికల్లో నిలబడ్డాడు, స్కూలు పిల్లలందరికీ ఫ్రీగా అరటిపళ్ళు ఇస్తానని మేనిఫెస్టో. గెలిచాడు! మన దగ్గర ఉచితాల గురించి గంటలు గంటలు డిబేట్లు పెడతారు గానీ ఇంత చవకైన హామీతో గెలిచినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి జోక్ అనుకుందాం, 2005లో, 2009లో కూడా గెలిపించారు, అంటే పని బానే చేసి ఉంటాడు. ఇంకోటి, 1916లో జర్మన్ జెప్పెలిన్ అనే గాలి ఓడ వేసిన బాంబుకి వీళ్ళ స్టాండ్ కూలిపోతే క్లబ్బు వాళ్ళు 2,500 పౌండ్లు కట్టమని జర్మనీకి బిల్లు పంపారు. జర్మనీ కట్టలేదు.

నాలుగో రోజు, నేను అసలు వచ్చింది దేనికో అది, బ్లాక్‌బర్న్. ఈవుడ్ పార్క్ గేట్లు మూసున్నాయి. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు ఇది. వెంకీస్ మొదలుపెట్టిన బి.వి.రావు గారు, అంటే బండ వాసుదేవరావు గారు, మన తెలుగాయనే. పేపర్లో రోజూ గుడ్డు ధర వేస్తారే, ఎన్ఈసీసీ రేటు, ఆ ఎన్ఈసీసీ కూడా ఆయన పెట్టించిందే, మా ఇంట్లో దేవుడి పటం పక్కన కాకపోయినా దాదాపు ఆ స్థాయి. ఆయన పోయాక పిల్లలు 2010 నవంబర్‌లో ఈ క్లబ్బు కొన్నారు, 2012లో క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ పడిపోయిన రోజు, మే 7, వానలో విగన్‌తో మ్యాచ్ జరుగుతుంటే ఎవరో ఫ్యాన్ కోపంతో బ్లాక్‌బర్న్ జెండా చుట్టిన బతికున్న కోడిని గ్రౌండ్‌లోకి వదిలాడు. నాలుగు రోజులుగా విన్నవాటిల్లో పుకారులా అనిపించే కథ ఇదే, వీడియోతో సహా ఉన్న నిజం కూడా ఇదే.

గేటు దగ్గర కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఒకరు మాట కలిపారు. ఆ రాత్రి నేను లోపలే ఉన్నా అన్నారు, ఆ రోజు మా వాళ్ళల్లో సరిగ్గా పరిగెత్తింది ఆ కోడి ఒక్కటే అని కూడా అన్నారు. మీది ఇండియాలో ఎక్కడ అని అడిగితే నేను నోరు తెరిచేలోపు బావ తెలుగులో "బావా, కోళ్ళ సంగతి ఎత్తకు, కారు దూరంగా ఉంది" అన్నాడు. సముద్రం దగ్గర అని చెప్పి ఊరుకున్నా.

సాయంత్రం హైవే పక్కన టీ తాగుతూ నాన్నకి వీడియో కాల్ చేసి మొత్తం చెప్పా, గ్రౌండ్ గేటు చూపించిన ఫోటోలు, 1995 కప్పు, 2012, ఫ్యాన్స్ గొడవ, వానలో కోడి. అంతా ఓపిగ్గా విన్నాడు. విని ఒకటే అడిగాడు, "వదిలింది లేయరా, బ్రాయిలరా?"