తలుపు మీద వసంతం: పూలచక్రం, చట్రం నుంచి చివరి పువ్వు దాకా

తలుపుకి తగిలించే పూలచక్రం (గుండ్రని చట్రానికి ఆకులూ పూలూ కట్టిన అలంకారం) కట్టడం అనగానే చెయ్యి ముందు పూల మీదకే పోతుంది. పని మొదలయ్యేది అక్కడ కాదు. చట్రం ఎంత ఉండాలి, ఆకు ఏ దిక్కుకి పడుకోవాలి, వైరు ఎక్కడ పట్టాలి, ఈ మూడూ తేలాక పూలు పెట్టడం అరగంట పని. ఇవి తేల్చకుండా పూలతో మొదలుపెడితే ఎంత ఖరీదైనవి తెచ్చినా అతికించినట్టు ఉంటుంది తప్ప పూసినట్టు ఉండదు.

ముందు కొలత. పూర్తయిన చక్రం తలుపు వెడల్పులో మూడింట రెండు వంతులు దాటకపోతే బాగుంటుంది. అంటే 36 అంగుళాల తలుపుకి 22 నుంచి 24 అంగుళాలు. చాలామంది ఈ లెక్క చూసి 24 అంగుళాల చట్రమే తెచ్చుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. ఆకులూ పూలూ చట్రం అంచు దాటి ఒక్కో పక్కకి 3 అంగుళాల దాకా వస్తాయి కాబట్టి 24 కావాలంటే 18 అంగుళాల చట్రం చాలు. అవి లోపలి వైపుకి కూడా పెరుగుతాయి. పని అయ్యాక మధ్య ఖాళీ మొత్తం వెడల్పులో మూడో వంతైనా మిగలాలి. అది మూసుకుపోతే దూరం నుంచి చూసేవాళ్లకి చక్రం కాదు, పెద్ద పూలగుత్తి కనిపిస్తుంది.

చట్రాల్లో మొదటిసారి కట్టేవాళ్లకి ఎండిన ద్రాక్ష తీగతో అల్లినదే మంచిది. సందులు ఉంటాయి, కాడ గుచ్చితే పట్టుకుంటుంది, కొంత భాగం ఖాళీగా వదిలేసినా అదే అందం. ఇనుప వైరు చట్రం ఆకు కట్టలతో చుట్టూ నిండుగా కట్టడానికి. ఎంబ్రాయిడరీ రింగు తేలిక, కానీ దాని మీద బరువైన పూలు పెడితే వంగిపోయి గుడ్డు ఆకారంలోకి వస్తుంది. నాలుగు ఆకులు, మూడు చిన్న పూలు, అంతే దానికి.

తీగ చట్రం ఇంట్లోనే చుట్టుకోవచ్చు. చలికాలం చివర్లో, మొగ్గ విచ్చకముందు కోసిన తీగ కావాలి. పెన్సిల్ లావున్న తీగ చక్కగా వంగుతుంది, బొటనవేలంత లావైతే చిట్లుతుంది. నాలుగైదు మీటర్ల తీగలు ఐదారు తీసుకుని, ఎండిపోయి ఉంటే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి. మొదటి తీగతో కావలసిన కొలత కంటే ఒక అంగుళం పెద్దదిగా వలయం చుట్టి, మిగతావాటిని దాని లోపల నుంచి పైకి, పై నుంచి లోపలికి పాములా తిప్పుతూ, కొసలు సందుల్లో దోపాలి. బల్ల మీద పరిచి పైన బరువు పెట్టి వారం పదిరోజులు ఆరనివ్వండి. ఆరేటప్పుడు తీగ సన్నబడుతుంది, చుట్లు వదులవుతాయి. అందుకే మొదట బిగుతుగా లాగి చుట్టాలి. బరువు పెట్టకపోతే ఒక పక్క లేచి, తలుపుకి ఆనకుండా ఊగుతుంది.

ఇక ఆకు. చక్రానికి ప్రాణం ఇదే, కాబట్టి దీని దగ్గర తొందర పడకండి. ఆకులన్నీ ఒకే దిక్కుకి పోవాలి. గడియారం ముళ్లు తిరిగే వైపా, ఎదురుగానా అన్నది మీ ఇష్టం, మధ్యలో మాత్రం మార్చకూడదు. కాడ నిటారుగా గుచ్చితే ముళ్లపందిలా ఉంటుంది, పూర్తిగా పడుకోబెడితే చదునుగా అతుక్కుపోతుంది. సుమారు 45 డిగ్రీల వాలులో గుచ్చండి. మూడు వరసలుగా ఆలోచించండి: ఒక కొమ్మ బయటికి, ఒకటి పైకి, ఒకటి లోపలికి. రెండో జట్టు ఆకులు మొదటి జట్టు కాడల్ని కప్పాలి, మూడోది రెండోదాన్ని.

వైరు చట్రం మీద చుట్టూ నిండుగా కట్టేటప్పుడూ పద్ధతి ఇదే, కాకపోతే కొమ్మల బదులు కట్టలు. అరచెయ్యంత పొడవున్న మూడు నాలుగు రెమ్మల్ని ఒక కట్టగా పట్టుకుని, 22 గేజి వైరుతో (గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం) కాడల మీద మూడు చుట్లు గట్టిగా లాగి తిప్పాలి. వైరు తెంపకూడదు. తర్వాతి కట్టని 3 లేదా 4 అంగుళాల దూరంలో, ముందు కట్ట కాడల్ని కప్పేలా పెట్టి చుట్టుకుంటూ పోవడమే. 16 అంగుళాల చట్రం చుట్టుకొలత సుమారు 50 అంగుళాలు, కాబట్టి 13 నుంచి 16 కట్టలు పడతాయి. అన్ని కట్టలూ ముందే సమానంగా చేసి వరసగా పేర్చుకోండి. అప్పటికప్పుడు చేసుకుంటూ పోతే చివరికి ఆకులు తగ్గి కట్టలు చిక్కిపోతాయి, చక్రం ఒక పక్క బొద్దుగా, ఒక పక్క బక్కగా తయారవుతుంది. ఆఖరి కట్ట దగ్గర మొదటి కట్ట ఆకుల్ని పైకెత్తి, కాడలు దాని కిందకి దోపి కట్టాలి. ఇది సరిగ్గా చేస్తే ఎక్కడ మొదలుపెట్టారో వెతికినా దొరకదు.

చుట్టూ నిండుగా కాకుండా నెలవంకలా ఒక పక్కకి కట్టడం వసంతకాలపు పూలకి ఇంకా బాగా నప్పుతుంది, తేలిగ్గా కనిపిస్తుంది. గడియారంలో 6 నుంచి 11 దాకా ఉన్న భాగం నింపి మిగతాది తీగగా వదిలేయండి. 18 అంగుళాల చట్రానికి ఈ లెక్క సరిపోతుంది: అడుగు పొడవున్న ఆకు కొమ్మలు 6 నుంచి 8, వాటిలో రెండు రకాలు ఉండాలి, ఒకటి ముదురు, ఒకటి లేత. పెద్ద పూలు 3, మధ్యరకం 5, పూసల్లాంటి చిన్నపూలూ మొగ్గలూ 8 నుంచి 10 రెమ్మలు. నిండు చక్రం కావాలంటే దాదాపు రెట్టింపు. నెలవంకలో ఆకులు మధ్యనుంచి రెండు కొసల వైపుకీ పోతాయి, ఒకే దిక్కు అన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

పెద్ద పూలు మూడూ ఒక గీత మీద పెట్టకండి. వంకర త్రిభుజంలా, ఒకటి కాస్త ముందుకి, ఒకటి లోపలికి, ఒకటి అంచు వైపు తల తిప్పి ఉండాలి. చక్రం చప్పగా ఉందంటే నూటికి తొంభై పాళ్లు పూలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయనే అర్థం. పక్కనుంచి చూడండి. కనీసం 2 అంగుళాల ఎత్తుపల్లాలు కనిపించాలి. తర్వాత మధ్యరకం పూలు, చివర్లో చిన్నవి, ఖాళీలు పూడ్చేలా. ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూస్తే కళ్లకి అందని లోపాలు ఇట్టే తెలుస్తాయి, ముఖ్యంగా తలుపు మీద పెట్టాక అంచుల్లో కనిపించే బోసి చోట్లు.

గుడ్డ పూలైతే కాడలో ఇనుప వైరు ఉంటుంది. కత్తెర పెడితే కత్తెర పోతుంది, కటింగ్ ప్లయర్ వాడండి. 3 అంగుళాల కాడ వదిలి కత్తిరించాలి, అంతకంటే పొట్టి అయితే తీగ సందులో పట్టు దొరకదు. పువ్వు తల చాలాసార్లు కాడకి ఊరికే తొడిగి ఉంటుంది. కట్టే ముందే ఒకసారి లాగి చూసి, వస్తే చుక్క జిగురు పెట్టి మళ్లీ తొడగండి. పెట్టెలో నలిగి వచ్చిన రేకులకి కాస్త దూరం నుంచి ఆవిరి పడితే విచ్చుకుంటాయి.

జిగురు కడ్డీని కరిగించి వేసే గ్లూ గన్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. దాన్ని పూర్తిగా నమ్మకండి. వేడికి కరిగి అతికే జిగురు మళ్లీ వేడికి మెత్తబడుతుంది. ఎండ నేరుగా పడే తలుపు, అందులోనూ ముందు అద్దం తలుపు ఉంటే, మధ్యాహ్నానికి పువ్వులు ఒక్కొక్కటే రాలతాయి. ముందు కాడని తీగలో గుచ్చి, 26 గేజి సన్న వైరుతో రెండు చుట్లు కట్టి, ఆ తర్వాత జిగురు వేయండి. కనీసం పెద్ద పూలకైనా ఇది తప్పనిసరి. ఫోమ్ చట్రమైతే తక్కువ వేడి గన్నే వాడాలి, ఎక్కువ వేడిది ఫోమ్‌ని తినేసి గుంట చేస్తుంది, పువ్వు ఆ గుంటలో వదులుగా ఆడుతుంది. సాలీడు దారాల్లా మిగిలే జిగురు పోగులకి హెయిర్ డ్రయర్ వేడిగాలి ఒక్క క్షణం తగిలిస్తే మాయమవుతాయి.

రిబ్బన్ పువ్వు పెట్టాలనుకుంటే అంచుల్లో వైరు ఉన్న రెండున్నర అంగుళాల రిబ్బన్ తీసుకోండి, మామూలుది రెండు రోజుల్లో వాలిపోతుంది. 6 అంగుళాల మడతలు ఆరు, రెండు తోకలు, మధ్యలో చిన్న చుట్టు, మొత్తం రెండున్నర మీటర్ల పైచిలుకు పడుతుంది. ప్రతి మడతకీ మధ్యలో రిబ్బన్‌ని ఒక మెలిక తిప్పి వేళ్లతో గట్టిగా పట్టుకోవాలి, ఆ మెలిక లేకపోతే రిబ్బన్ వెనక వైపు పైకి వచ్చేస్తుంది.

తాజా పూలతో కట్టాలంటే ముందురోజు సాయంత్రం కాడలు ఏటవాలుగా కోసి రాత్రంతా నీళ్లలో ఉంచండి. డాఫొడిల్ కాడల్ని మాత్రం వేరే పాత్రలో పెట్టాలి. వాటి జిగురు మిగతా పూలని, ముఖ్యంగా తులిప్‌లని పాడుచేస్తుంది. పూలు గుచ్చడానికి వాడే, నీళ్లు పీల్చుకునే తడి ఫోమ్‌ని నీళ్లలోకి చేత్తో నొక్కకుండా తేలనిచ్చి, దానంతట అదే మునగనివ్వాలి. నొక్కితే లోపల గాలి మిగిలి, అక్కడ గుచ్చిన పువ్వు ముందు వాడుతుంది. ఆ ఫోమ్ మట్టిలో కలిసేది కాదు, నలిగితే ప్లాస్టిక్ పొడి. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన పూల ప్రదర్శనల్లో 2021 నుంచి దాన్ని నిషేధించింది. వైరు చట్రంలో తడి నాచు నింపి చుట్టూ వైరుతో బిగిస్తే దాని పని ఇదే చేస్తుంది. ఎండిన పూలలో స్టాటిస్, జిప్సోఫిలా, లావెండర్, గులాబీ మొగ్గలు నమ్మకమైనవి. ఇంట్లోనే ఎండబెట్టుకుంటే, చీకటిగా, గాలి ఆడేచోట రెండు మూడు వారాలు తలకిందులుగా వేలాడదీస్తే రంగు నిలుస్తుంది. విల్లో కొమ్మల వెండి మొగ్గలు కావాలంటే నీళ్లు చూపించకండి, నీళ్లు తాగితే విచ్చుకుని పుప్పొడి రాలుస్తాయి.

తగిలించేటప్పుడు నెలవంక చక్రం బరువు ఉన్న వైపుకి తిరిగిపోతుంది. ఒకే కొక్కెం చాలదు. వెనక లోపలి తీగకి, గడియారంలో 11 దగ్గర ఒకటి, 1 దగ్గర ఒకటి వైరు ఉంగరాలు కట్టి, రెండింటి మధ్య వైరు లాగి దాన్ని తగిలించండి. తిరుగుతుంటే బరువున్న వైపు ఉంగరాన్ని ఇంకాస్త పక్కకి జరపాలి. వెనక వైపు నాలుగు చోట్ల ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్కలు అతికిస్తే గాలికి ఊగినా తలుపు రంగు గీసుకుపోదు.

ఆరుబయటి తలుపు మీద పిట్టలు గూడు కట్టడం మామూలే, లోపలి తీగ వాటికి సిద్ధంగా ఉన్న కొమ్మలాంటిది. గూడు మొదలవకముందే రాత్రిపూట చక్రాన్ని లోపల పెడుతూ ఉంటే రావు. గుడ్లు పెట్టేసి ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా చక్రాన్ని కదపకండి, వీలైతే వేరే తలుపు వాడండి.

కాలం మారాక బ్రష్‌తో దుమ్ము దులిపి, పాత దుప్పటి కప్పి గోడకి మేకు మీదే వేలాడదీసి దాచండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే పూల ఎత్తుపల్లాలన్నీ ఒక్క ఎండాకాలంలో చదునైపోతాయి. డాబా కింది వేడి గదిలో పెడితే జిగురు కూడా వదిలేస్తుంది.