చివరి రోజు మారిన బీ-ఫారం: ఆర్వో ఆఫీసు నుంచి హైకోర్టు దాకా నా అనుభవం

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో మా చిన్నాయనకు ఒక గుర్తింపు పొందిన పార్టీ టికెట్ ఇచ్చింది. నామినేషన్ల చివరి రోజు, నవంబర్ 10న, అదే టికెట్ ఇంకొకరికి మార్చింది. ఆయన కాగితాల పనంతా నేనే చూశాను. ఇలాంటి చిక్కులో పడేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ వారం ఇది మా ఒక్క నియోజకవర్గంలోనే జరగలేదు. పటాన్‌చెరులో కాంగ్రెస్ ముందు నీలం మధు పేరు ప్రకటించి, చివరికి కాట శ్రీనివాస్ గౌడ్‌కు టికెట్ ఇచ్చింది. వేములవాడలో బీజేపీ తుల ఉమ పేరు ప్రకటించి, అభ్యర్థి ఎవరో ఖరారు చేసే కాగితమైన బీ-ఫారం మాత్రం వికాస్ రావు చేతిలో పెట్టింది.

జాబితాలో పేరు వచ్చినంత మాత్రాన ఎవరూ పార్టీ అభ్యర్థి అయిపోరు. పార్టీ తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరిదో ఏ-ఫారం చెబుతుంది, ఆ సంతకంతో అభ్యర్థి ఎవరో బీ-ఫారం చెబుతుంది. రెండూ ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారికి (ఆర్వో) చేరాలి. సంతకం పెన్నుతో పెట్టిన అసలుదే ఉండాలి, జిరాక్సు చెల్లదు. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం పార్టీ మనసు మార్చుకోవచ్చు కూడా. అయితే కొత్త బీ-ఫారంలో పాతదాన్ని రద్దు చేస్తున్నట్టు స్పష్టంగా రాయాలి, అదీ 3 గంటల్లోపే అందాలి. అలా రాయకపోతే, ఎవరి నామినేషన్ ముందు పడిందో వాళ్ల బీ-ఫారమే చెల్లుతుంది.

మాకు కలిసొచ్చింది మా వకీలు ముందుచూపు. బీ-ఫారం మా చేతికొచ్చి సంబరపడుతున్న రోజే ఆయన, "ఇండిపెండెంట్‌గా కూడా ఒక సెట్టు నామినేషన్ కాగితాలు వేసి పెట్టండి" అన్నాడు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. పదివేల డిపాజిట్ ఒక్కసారి కడితే అన్నిటికీ సరిపోతుంది. అసలు కిటుకు ప్రతిపాదకుల దగ్గర, అంటే అభ్యర్థి పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం పెట్టే ఓటర్ల దగ్గర ఉంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, ఇండిపెండెంట్‌కు పది మంది కావాలి. ఒక్క సంతకంతో నామినేషన్ వేసిన మనిషి దగ్గర్నుంచి బీ-ఫారం లాగేసుకుంటే, పార్టీతో పాటు పోటీ చేసే అవకాశం కూడా పోతుంది. పరిశీలనలో ఆ నామినేషన్ నిలబడదు.

ఆ పది మందీ ఆ నియోజకవర్గం ఓటర్లే కావాలి. ఓటరు జాబితాలో ఒక్కొక్కరి పార్టు నంబరు, క్రమసంఖ్య చూసి రాయాలి. మా పక్కింటి అవ్వకు సంతకం రాదు. వేలిముద్ర ఇంట్లో వేయిస్తే కుదరదు, అధికారి ఎదుటే వేయాలి. ఆమెను ఆటోలో తీసుకెళ్లాను. ఇంకుప్యాడ్ మీద బొటనవేలు ఒత్తి, కాగితం మీద మెల్లగా అటూ ఇటూ దొర్లించి, "పడ్డదా బిడ్డా, మంచిగ చూడు" అని అడిగింది. మంచిగానే పడింది. ఆ కాగితమే తర్వాత మమ్మల్ని పోటీలో నిలబెట్టింది.

నవంబర్ 10 మధ్యాహ్నం రెండో బీ-ఫారం వచ్చింది. 3 గంటలు దాటాక లోపలికి వెళ్లిందని మా వాదన. 3 లోపే అందిందని అధికారులు రికార్డు రాశారు. దాని నకలు తీసుకుని చూస్తే, పాత బీ-ఫారం రద్దు అని ఉన్నచోట మా చిన్నాయన పేరు నిండుగా రాసి ఉంది. ఇరవై ఏళ్లు జెండా మోసిన మనిషి పేరు ఆ పార్టీ కాగితం మీద చివరిసారి అలా కనిపించింది. చిన్నమ్మకు ఆ నకలు చూపించలేకపోయాను.

12న దీపావళి. మా ఇంట్లో టపాకాయలకు బదులు రిట్ పిటిషన్ డ్రాఫ్టు తయారైంది. 13న పరిశీలనలో పార్టీ పేరుతో వేసిన సెట్టు తిరస్కరించారు, పది సంతకాల సెట్టు ఆమోదించారు. ఉపసంహరణ గడువు 15. ఈ సందులోనే హైకోర్టులో లంచ్ మోషన్, అంటే అదే రోజు అత్యవసరంగా వినమని పిటిషన్, వేశాం.

వాదన ఎక్కువసేపు సాగలేదు. రాజ్యాంగం 329(బి) అధికరణ ప్రకారం ఎన్నికను, ఫలితం వచ్చాక వేసే ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప ఇంకో రకంగా ప్రశ్నించడానికి వీల్లేదు. 1952లోనే నామక్కల్ నామినేషన్ తిరస్కరణ మీద పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు, ఎన్నిక అంటే పోలింగ్ ఒక్కటే కాదని, నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా మొత్తమని తేల్చింది. మధ్యలో కోర్టులు ఆపకూడదు. మా పిటిషన్ కొట్టేస్తూ జడ్జి గారు ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చన్నారు. ఆ సూత్రం మీద నాకు గౌరవం ఉంది. ప్రతి నామినేషన్ గొడవకూ స్టే ఇస్తూ పోతే ఏ ఎన్నికా పూర్తి కాదు.

నా బాధ ఆ తర్వాతి మెట్టు గురించి. చిన్నాయన ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడిపోయాడు. టికెట్ దక్కించుకున్నాయనా ఓడిపోయాడు, వేరే పార్టీ గెలిచింది. డిసెంబర్ 3 నుంచి 45 రోజుల్లో, అంటే జనవరి 17 లోపు పిటిషన్ వేయాలి. వకీలు విప్పి చెప్పాడు: నామినేషన్‌ను అన్యాయంగా తిరస్కరించారని రుజువైతే అదొక్కటే ఎన్నిక రద్దుకు చాలు. మా చిన్నాయన నామినేషన్ ఒకటి ఆమోదం పొందింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఇక గుర్తు తప్పుగా కేటాయించారని, దానివల్ల ఫలితమే మారిందని నిరూపించాలి. పైగా అడగాల్సింది గెలిచినాయన ఎన్నిక రద్దు.

"ఆయన నాకేం చేసిండు బిడ్డా? నన్ను మార్చినోళ్లను వదిలిపెట్టి ఆయన మీద కేసెట్లేస్తా?" అన్నాడు చిన్నాయన. నా దగ్గర జవాబు లేదు. పిటిషన్ వేయలేదు.

మరుసటి ఏడాది ఇందోర్ లోక్‌సభ వార్త చదువుతుంటే అదే నొప్పి మళ్లీ తిరగబెట్టింది. ఉపసంహరణ ఆఖరి రోజు, 2024 ఏప్రిల్ 29న, కాంగ్రెస్ అభ్యర్థి అక్షయ్ కాంతి బమ్ తప్పుకున్నాడు. పార్టీ బీ-ఫారంలో ప్రత్యామ్నాయంగా పేరున్న మోతీ సింగ్ పటేల్ హైకోర్టుకు వెళ్లాడు. ఊరట దొరకలేదు. ఆయన నామినేషన్ మీద పది మంది సంతకాలు లేవని అప్పటికే పరిశీలనలో తిరస్కరించారు. పోలింగ్‌లో అక్కడ నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి.

అసలు అభ్యర్థి తప్పుకుంటే ప్రత్యామ్నాయ అభ్యర్థి ముందుకొస్తాడని బీ-ఫారంలోనే అచ్చువేసి ఉంది. తప్పుకునే గడువు పరిశీలన తర్వాత వస్తుంది. అసలు అభ్యర్థి కాగితాలు బాగుంటే రెండోవాడి ఒక్క సంతకం నామినేషన్ ఆ పరిశీలనలోనే పోతుంది. ఉపసంహరణ గడువు ముగిసేదాకా ఆ నామినేషన్‌ను బతికి ఉండనివ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా, టికెట్ వచ్చిందని ఎవరు ఫోన్ చేసినా ముందు పది మంది ఓటర్ల పార్టు నంబర్లు రాసిపెట్టుకోమనే చెబుతున్నాను.